ఆరు తెరల గోడ

ఫోను మోగేసరికి ఆమె పెరట్లో దుప్పటితో కుస్తీ పడుతోంది. దుప్పటి పిండాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టుకుని చెరోవైపు మెలిపెట్టాలి. రెండో మనిషి లేకపోవడంతో ఆమె ఒక కొసను కుళాయి మెడకు చుట్టి, రెండో కొసను తనే తిప్పుతోంది. కుళాయి మాత్రం కిమ్మనకుండా, మహా ఓపికగల ఆడపడుచులా పట్టుకుని నిలబడింది. ఆ పోలిక తట్టగానే తనలో తనే నవ్వుకుని, తడి చేతిని నడుముకి తుడుచుకుని ఫోను ఎత్తింది.

"అమ్మాయ్, ఒప్పుకున్నారు!" అన్నాడు మేనేజరు, పలకరింపు కూడా లేకుండా.

"ఎవరు సార్?"

"ఇంకెవరు, నీళ్లవాళ్లు! నువ్వు చెప్పిన పద్ధతే ఖాయం చేశారు. మధ్యలో ఆ కంట్రోలర్ పెట్టె వద్దట. తెరలన్నీ నేరుగా కార్డుకే. రేపే ప్రారంభం. వాళ్ల పెద్దాఫీసరు వచ్చి బొత్తాం నొక్కుతాడు. నువ్వు ముందు నిలబడి, ఇది ఎలా పనిచేస్తుందో నాలుగు ముక్కలు చెప్పాలి. ఇవాళ మధ్యాహ్నం వెళ్లి సెట్టింగులు పూర్తిచెయ్."

"నేనా సార్? ముందు నిలబడా?"

"నువ్వు కాకపోతే నేనా? నాకేం తెలుసు దాని గురించి!"

ఆమె ఎగిరి గంతేసింది. చేతిలోంచి జారిన దుప్పటి కుళాయి చుట్టూ గిర్రున తిరిగి, మెలికలన్నీ విప్పుకుని, మిగిలిన నీళ్లన్నీ ఆమె మీదే చిమ్మింది. ముఖం మీంచి నీళ్లు కారుతుంటే అలాగే నిలబడి నవ్వింది. పెరట్లో చూసేవాళ్లెవరూ లేరు.

ఆ కంట్రోల్ రూము ఊరంతటికీ నీళ్లు వదిలే చోటు. ఎక్కడ ఏ పంపు తిరుగుతోంది, ఏ ట్యాంకులో ఎంత నీరుంది, ఏ పైపు ఎటు పోతోంది అన్నీ ఒకే పెద్ద పటంగా గోడ మీద కనబడాలి. అందుకోసం పైన మూడు, కింద మూడు, ఆరు తెరలు గోడకెక్కి కూర్చుని చాలా రోజులైంది. వాటిని దేనికి తగిలించాలన్నదే తేలలేదు. అందరూ మధ్యలో ఒక పెట్టె ఉండాలన్నారు. కంప్యూటరు ఇచ్చిన బొమ్మను ముక్కలు కోసి తెరలకు పంచే పెట్టె. ఆమె ఒక్కతే వద్దంది. ఉన్నది ఒకే కంప్యూటరు, చూపించేది ఒకే పటం. అందులో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకి వెనకాల ఆరు పోర్టులున్నాయి. ఒక్కో పోర్టు నుంచి ఒక్కో తెరకు కేబుల్ లాగితే బొమ్మను ఆ కార్డే కోసి పంచుతుంది. మధ్యలో ఇంకో పెట్టె పెడితే పాడవడానికి ఇంకో వస్తువు పెట్టుకున్నట్టే.

"సంబంధానికి మధ్యవర్తి లేకపోతే ఎలాగమ్మా?" అని ఆఫీసులో సీనియర్ నవ్వాడు అప్పుడు.

"మాది కుదిరిందిగా సార్, మధ్యలో ఎవరూ లేకుండానే!" అని ఆమె గడుసుగా అంటించింది. నిజమే. బస్సులో ఒకే కడ్డీ పట్టుకుని వేలాడుతూ పరిచయమై, ఇద్దరూ తేల్చుకుని, ఆ తర్వాతే పెద్దలకు చెప్పిన పెళ్లి వాళ్లది. ఆ పెళ్లి పసుపు తడి ఇంకా ఆరలేదు.

తడి బట్టలతోనే ముందు గదిలోకి పరుగెత్తింది. అత్తగారు కూరగాయలు తరుగుతూ టీవీ చూస్తోంది.

"అత్తయ్యా, ఒప్పుకున్నారు!"

"దుప్పటి ఆరేశావా? ఎండ పోతోంది."

"ఆరేస్తా అత్తయ్యా. నా డిజైను ఒప్పుకున్నారు. గోడనిండా ఆరు తెరలు, అన్నీ కలిపి ఒకటే బొమ్మ. రేపే ప్రారంభం."

అత్తగారు కత్తి ఆపి, కళ్లజోడు పైనుంచి చూసింది. "ఆరు టీవీలా? ఇంట్లో ఉన్న ఒక్కదానికే రిమోటు దొరికి చావదు. ఆరింటినేం చేసుకుంటారమ్మా వాళ్లు?"

ఆమెకు నవ్వు ఆగలేదు. అత్తగారు నిజంగా మంచి మనిషి. పెళ్లైన కొత్తలో, "నన్ను చూసి భయపడకు, నేను అరిచేదాన్ని గాని కరిచేదాన్ని కాదు" అని చెప్పిన మనిషి. అరిచింది కూడా తక్కువే. కాకపోతే ఆవిడకు చేరాలంటే ఏ మాటైనా వంటింట్లోంచో, పెరట్లోంచో రావాలి. బయట నుంచి వచ్చే మాటకు ఆ చెవుల్లో చోటు లేదు.

మొగుడికి ఫోన్ చేసింది. అతను గొంతు తగ్గించి, "మీటింగులో ఉన్నా పిచ్చుకా. అర్జెంటా?" అన్నాడు. గలగలా మాట్లాడుతుందని అతను పెట్టిన పేరు అది. ఆ పేరు వినగానే ఆమెకు ఎప్పుడూ మెడ వెనక చక్కిలిగింత పెట్టినట్టుంటుంది.

ఆమె ఒక్క క్షణం తడబడింది. కాలు విరిగితే అర్జెంటు. గ్యాసు లీకైతే అర్జెంటు. సంతోషం అర్జెంటా, కాదా?

"అర్జెంటేం కాదు," అంది.

"సరే, నేనూ నీకో మాట చెప్పాలి. సాయంత్రం మాట్లాడుకుందాం," అని పెట్టేశాడు.

అమ్మకు చేసింది. అమ్మ అంతా విని, "సంతోషం తల్లీ. ఇంట్లో పనంతా చూసుకునే వెళ్తున్నావా? మీ అత్తగారి నుంచి మాట రానీకు," అంది. మాట రానీయను లేమ్మా, అని చెప్పి, దుప్పటి ఆరేయడానికి మళ్లీ పెరట్లోకి వెళ్లింది. పొయ్యి మీంచి దించిన గిన్నెను పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక ఇల్లంతా తిరిగినట్టుంది ఆమె పరిస్థితి. చేతులు కాలుతున్నాయి, దించుకోవడానికి చోటు లేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అది కూడా ఆమెకు పండగే. అలాంటి చిన్న చిన్న వాటికే పొంగిపోయే మనిషి ఆమె. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం చూసి, మొదటి రోజు ఫోటో తీసుకుంది. తలుపు గడియ వేసేటప్పుడు వచ్చే టక్ మనే చప్పుడు ఇష్టం. అతను నిద్రలో దుప్పటి లాక్కునే దొంగతనం కూడా ఇష్టమే. ఇన్ని ఇష్టాల మధ్య పని ఎటునుంచి వచ్చి మీద పడిందో ఆమెకే తెలియలేదు. పెళ్లైన కొత్తలో ఒక సాయంత్రం ఊసుపోక అతని చొక్కా మడత పెట్టింది. "నువ్వు మడిస్తే ఆ అందమే వేరు" అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో బట్టలన్నీ ఆమెవే. ఒకసారి టీ పెడితే, "నీ చేతిలో ఏదో ఉంది అమ్మాయ్" అంది అత్తగారు. ఆ తర్వాత ఆ చెయ్యి పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ఏ డబ్బాకి ఏ మూతో ఆమె ఒక్కదానికే తెలుసని అందరికీ మెప్పుగా చెబుతారు. పొగుడుతూ పొగుడుతూ పని అప్పజెప్పే విద్య ఆ ఇంట్లో అందరికీ వచ్చు. ఎవరైనా కసిరి ఉంటే ఎదురు తిరిగేదేమో. మెచ్చుకునేవాళ్లతో పోట్లాట ఎలా పెట్టుకోవాలో ఆమె చదివిన ఏ కాలేజీలోనూ నేర్పలేదు.

కంట్రోల్ రూములో సీనియర్ అప్పటికే నిచ్చెన వేసుకుని తెరల వెనక కేబుళ్లు బిగిస్తున్నాడు. పెద్ద బల్ల వెనక ఆపరేటరమ్మ, ఈ గదిలో పంపులు చూస్తూనే జుట్టు నెరసిన మనిషి, కుర్చీలో వెనక్కి వాలి తమాషా చూస్తోంది.

ఆమె కంప్యూటరు వెనక్కి దూరింది. ఆరు కేబుళ్లూ కార్డు పోర్టులకే వెళ్లాయో లేదో ఒక్కొక్కటే తడిమి చూసింది. తర్వాత స్కేలు తీసుకుని నిచ్చెన ఎక్కి, తెరకీ తెరకీ మధ్య ఉన్న నల్లటి అంచుల మందం కొలిచింది.

"గీతలు గీస్తావా ఏంటి?" అంది ఆపరేటరమ్మ.

"ఈ అంచు ఎంత మందమో కార్డుకి చెప్పాలండీ. చెప్పకపోతే ఈ తెరలోంచి ఆ తెరలోకి వెళ్లే పైపు మధ్యలో విరిగినట్టు కనబడుతుంది. చెబితే, కిటికీ చట్రం వెనక చెట్టు కొమ్మ ఉన్నట్టు, అంచు వెనక పైపు దాక్కుని అవతల సరిగ్గా బయటికొస్తుంది."

కొలతలు ఎక్కించి చూసింది. ఆరు తెరలూ ఒక్కసారి నల్లబడి, మళ్లీ వెలిగాయి. ఊరంతా గోడ మీదికి వచ్చింది. నీలం గీతలు పై తెరల్లోంచి కింది తెరల్లోకి ఎక్కడా తెగకుండా, వంకర పోకుండా పారాయి.

"అబ్బో! పైపు విరక్కుండా వచ్చిందే!" అంది ఆపరేటరమ్మ, లేచి నిలబడి. "అదిగో, మా ఇల్లు ఆ ట్యాంకు పక్కనే."

ఆమెకు కాలు నేల మీద నిలవలేదు. పొద్దుట్నుంచి మోస్తున్న గిన్నెను ఎవరో ఒక చేత్తో పట్టుకున్నట్టయింది.

అప్పుడే సీనియర్ నిచ్చెన దిగి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "బాగుంది తల్లీ. ఇక నాకు ఓపిగ్గా పాఠం చెప్పు. రేపు పెద్దల ముందు నేను నత్తి కొట్టకుండా ఉండాలి."

"రేపు చెప్పేది నేను కదా సార్?"

సీనియర్ ఆమె ముఖం చూసి నీళ్లు నమిలాడు. "నీకు తెలీదా? ఇందాకే మేనేజరు ఫోన్ చేశాడు. మీ ఆయన మేనేజరుతో మాట్లాడాడట. రేపు మీ ఇంటికి చుట్టాలొస్తున్నారట, నీకు సెలవు కావాలట. కొత్త పెళ్లికూతురు, ఇబ్బంది పెట్టడమెందుకులే అని మేనేజరు సరేనన్నాడు. నీకు చెప్పే ఉంటాడనుకున్నానమ్మా."

ఆమె చేతిలో స్కేలు ఉంది. దాని మీద సంఖ్యలు చూస్తూ ఉండిపోయింది.

సీనియర్ ఏదో ఒకటి చేద్దామని రిమోటు తీసి, పై వరుసలో మధ్య తెర ఆర్పాడు. వెంటనే గోడంతా కలగాపులగమైంది. పైనున్న ట్యాంకు కిందికి దూకింది. కింది పంపులు పక్క తెరలోకి సర్దుకున్నాయి. ఊరికి ఊరే ఇరుక్కుని కూర్చుంది.

"అయ్యయ్యో, మా ఇల్లెక్కడికి పోయింది?" అంది ఆపరేటరమ్మ.

"ఏం చేశానమ్మా నేను? ఒక్కదాన్నేగా ఆర్పింది!"

"మీ తప్పేం లేదు సార్." ఆమె గొంతు ఆమెకే దూరం నుంచి వినబడింది. "తెరలు నేరుగా కార్డుకి తగిలించినప్పుడు ఇదొక్కటే చిక్కు. తెర ఆరిపోతే కార్డు అది ఆరిందనుకోదు, అసలు లేదనుకుంటుంది. ఉన్నవాటితో బొమ్మను సర్దేస్తుంది. ఖాళీ కూడా కనబడనివ్వదు."

"మరెలా?"

"ఒక్కో తెర ఆనవాలు కార్డులో దాచి పెట్టాలి. వెలుగుతున్నా, ఆరినా, దాని చోటు దానికే ఉంచు, ఇంకొకరికి ఇవ్వకు అని చెప్పి పెట్టాలి. చెప్పకపోతే దానికి తెలీదు."

మాట పూర్తి చేశాక ఆమె తెరల వైపే చూస్తూ నిలబడింది. ఎంత చక్కగా సర్దుకున్నారు! అతను ఒక ఫోను చేశాడు, మేనేజరు ఒక సరే అన్నాడు, సీనియర్ ముందుకు జరిగాడు. ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు లేదు, అందరూ ఆమె మీద ప్రేమతోనే చేశారు. అడగాల్సిన మనిషిని మాత్రం అడగలేదు. అడగకపోవడం కూడా ఎవరికీ తట్టలేదు. రేపు ఈ గోడ వెలుగుతుంది, చప్పట్లు మోగుతాయి, ఇక్కడ ఒకరు తక్కువయ్యారని ఒక్కరికీ అనిపించదు. తన చోటు తనకే ఉంచమని ఆమె ఎవరికైనా చెప్పిందా? "అర్జెంటేం కాదు" అని పొద్దున్న చెప్పింది తనే కదా. అర్జెంటు కాదన్నదాన్ని ఎవరైనా పక్కకు జరుపుతారు.

ఇందాక బొమ్మ రాగానే ఆమెకు చప్పున గుర్తొచ్చింది మొగుడే. ఇది అతను చూడాలి అనుకుంది. ఇప్పుడు ఈ గదిలో ఇద్దరు మనుషులున్నారు, గోడ మీద ఒక ఊరుంది, అయినా ఆమెకు దిక్కులేని చోట దిగిపోయినట్టుంది.

ఆరు తెరల ఆనవాళ్లూ ఒక్కొక్కటిగా దాచింది. ఆ తర్వాత ఏ తెర ఆర్పినా దాని చోట నల్లటి ఖాళీ మిగిలింది గాని, పక్కది జరిగి రాలేదు. సీనియర్ రిమోటుతో పిల్లాడిలా పదేపదే ఆర్పి వెలిగించాడు. "భలే ఉందే! ఇది మాత్రం నా వల్ల చెప్పడం కాదమ్మా," అన్నాడు నిజాయితీగా.

"మీరు చెప్పక్కర్లేదు సార్," అంది ఆమె. అప్పటికి ఆ మాట ఎందుకందో ఆమెకు పూర్తిగా తెలియదు.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద కొత్త కంచాలు మెరుస్తున్నాయి. అంచున సన్నటి ఆకుపచ్చ తీగ. ఎంత దిగులుగా ఉన్నా ఆమె కళ్లు వాటి మీదే నిలిచాయి. వేలితో ఆ తీగను తడమకుండా ఉండలేకపోయింది.

"సర్‌ప్రైజ్!" అన్నాడు మొగుడు, వెనక నుంచి వచ్చి. "ఇదొకటి. ఇంకోటుంది. రేపు పెదనాన్న వాళ్లంతా భోజనానికొస్తున్నారు, కొత్త కోడల్ని చూడాలట. నువ్వు సెలవు అడగడానికి మొహమాటపడతావని నేనే మీ మేనేజరుతో మాట్లాడేశా. ఎలా ఉంది?"

అతని ముఖం దీపంలా వెలిగిపోతోంది. అందులో కల్లాకపటం ఏమీ లేదు. అదే ఆమెకు కష్టమైంది.

"రేపు నా గోడ ప్రారంభం," అంది.

"తెలుసు తెలుసు, మీ మేనేజరు చెప్పాడు. కంగ్రాట్స్ పిచ్చుకా!" అని జుట్టు చెరిపాడు.

పొద్దున్న తడి చేతులతో అందుకున్న మాట. రోజంతా ఒడిలో పెట్టుకుని, అతనికి చెప్పేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపి ఊరించాలి అని బస్సులో నాలుగు రకాలుగా అనుకున్న మాట. అతనికి ఇంకో మగవాడి నోట, సెలవు బేరంలో కొసరుగా అందింది.

"తెలిసే సెలవు అడిగారా?"

"అడిగాక తెలిసింది. అయినా నీ పనంతా ఇవాళ్టితో అయిపోయిందటగా? రేపు ఉత్త బొత్తాం నొక్కడమే. అదెవరు నొక్కితేనేం?"

"బొత్తాం పెద్దాఫీసరు నొక్కుతాడండీ. అది ఎలా పనిచేస్తుందో చెప్పాల్సింది నేను."

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "మా బావగారు వచ్చేది ఏడాదికోసారి. ఆయన ముందు ఇంటి కోడలు లేకపోతే ఏం బాగుంటుంది? నలుగురూ ఏమనుకుంటారు? నువ్వు వండినా వండకపోయినా ఫర్వాలేదమ్మా, నీ చెయ్యి కాకపోతే నా చెయ్యి. ఊరికే ఉంటే చాలు. మనిషి కనబడితే నిండుగా ఉంటుంది."

ఊరికే ఉంటే చాలు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కొత్త కంచాలకు అటు మొగుడు, ఇటు వంటింటి గడపలో అత్తగారు. ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. ఇల్లు నిండుగానే ఉంది. ఇంత నిండుగా ఉన్న ఇంట్లో మనిషి ఇంత ఒంటరిగా ఎలా ఉండగలదో ఆమెకు అంతు పట్టలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే అతని ముఖంలో ఆ వెలుగు పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. ఆ వెలుగంటే ఆమెకు చచ్చేంత ఇష్టం. నోరు తెరవకపోతే ఆ వెలుగు అలాగే ఉంటుంది, ఆమె మాత్రం దాని కింద కొంచెం కొంచెంగా ఆరిపోతుంది. ఈసారికి సర్దుకుంటే పైసారి ఇంకా సులువు. అలవాటైన చేతికి బరువు తెలియదు.

ఫోను తీసి మేనేజరుకి చేసింది.

"సార్, రేపు నేనొస్తున్నాను... లేదు సార్, సెలవు నేనడగలేదు. ఆయన అడిగారు... ఇబ్బందేం లేదు సార్. ఆ నాలుగు ముక్కలూ నేనే చెబుతా. సీనియర్ గారికి కూడా చెప్పేశాను." అవతల మేనేజరు ఏదో సందేహించాడు. ఆమె విని, నెమ్మదిగా, "ఇకమీద నా సెలవు నేనడిగితేనే ఇవ్వండి సార్. ఆయన అడిగినా, మా నాన్న అడిగినా ఇవ్వకండి," అని పెట్టేసింది.

వంటింట్లో కుక్కరు ఈల వేసింది.

"అదేంటి, నా పరువేం కాను?" అన్నాడు మొగుడు. కోపం కంటే బిత్తరపాటే ఎక్కువుంది. "నీకోసమే కదా చేశాను!"

"నాకోసమే చేశారు. నన్నడక్కుండా చేశారు."

"ఇంత చిన్న విషయానికి..."

"చిన్నదే. అందుకే ఇప్పుడే చెబుతున్నా."

అతను కుర్చీలో కూలబడ్డాడు. అనుకున్నట్టే వెలుగు పోయింది. ఆమెకు లేచి వెళ్లి అతని తల నిమరాలనిపించింది. వెళ్తే ఆ చేత్తోనే, సరేలెండి ఉండిపోతా అనేస్తానని భయమేసి, కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"మరి వాళ్లకేం చెప్పమంటావమ్మా?" అంది అత్తగారు చివరికి, గరిటె పట్టుకునే. "కోడల్ని చూడ్డానికని అంత దూరం నుంచి వస్తున్నారు. కోడలేదీ అంటే?"

ఆమె అత్తగారి వైపు తిరిగింది.

"పొద్దున్నే నేను కంట్రోల్ రూముకి వెళ్లిపోతానత్తయ్యా. దానికి వీధి వైపు పెద్ద అద్దాల గోడ ఉంది, బయట నిలబడి ఎవరైనా చూడొచ్చు. పదకొండింటికి మొదలు. పెదమామయ్య వాళ్లు రాగానే మీరిద్దరూ వాళ్లని అక్కడికి తీసుకురండి. కోడల్ని చూడాలన్నారు కదా, రేపు కోడలు అక్కడుంటుంది."